నింపవలసిన గడి, నొక్కవలసిన లింకు: సరిహద్దు పల్లెకు కొత్త పరీక్ష

ఒకప్పుడు ప్రభుత్వంతో పని పడితే తెల్లకాగితం మీద అర్జీ రాసుకుని తాలూకా కచేరీకి పోయేవారు. రాయడం రానివారు కచేరీ ముందరి చెట్టు కింద కూర్చున్న అర్జీల రాతగానికి నాలుగు రూపాయలు ఇచ్చి రాయించుకునేవారు. ఆ కాగితానికి గడులు లేవు. చెప్పదలచినది ఎంత ఉంటే అంత రాసే వీలుండేది. నేడు ఆ తెల్లకాగితం స్థానాన్ని తెర మీది ఫారం ఆక్రమించింది. రేషన్ కార్డుకు ఫారం, కుల ధ్రువపత్రానికి ఫారం, పింఛనుకు ఫారం, పిల్లవాని ఉపకార వేతనానికి ఫారం. చివరకు దేశ జనాభా లెక్కలో సైతం పౌరుడు తన వివరాలను తానే తెర మీద నింపుకొనే ఏర్పాటు వచ్చింది. రాతగాని చెట్టు పోయింది, నెట్ సెంటర్ వచ్చింది. ఈ మార్పు అందరికీ ఒక్కటే అయినప్పటికీ, దాని భారం మాత్రం అందరి మీదా సమానంగా పడడం లేదు. ఇంట్లో ఒక భాష, కచేరీలో మరొక భాష ఉన్న సరిహద్దు పల్లెల కుటుంబాల మీద అది రెండింతలుగా పడుతున్నది.

హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి ప్రాంతాల్లో ఫారం తమిళంలో ఉంటుంది. కోలారు, చిక్కబళ్లాపురం, పావగడ, బళ్లారి, రాయచూరుల్లో కన్నడంలో ఉంటుంది. బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో ఒడియాలో, షోలాపూరు, నాందేడు, సిరోంచల్లో మరాఠీలో ఉంటుంది. లేదా అన్నిచోట్లా ఇంగ్లీషులో ఉంటుంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాంలో తెలుగుకు అధికార వ్యవహారాల్లో స్థానం ఉన్నది గనుక అక్కడి పరిస్థితి కొంత మెరుగు. మిగిలినచోట్ల తెలుగు కుటుంబం తన వివరాలను తనది కాని లిపిలో, తరచుగా ఇతరుల చేతులతో నింపించుకోవలసి వస్తున్నది. అందువలన ఫారం అనేది ఎలా పనిచేస్తుందో, అది ఏమి అడుగుతుందో, ఏమి అడగదో తెలుసుకోవడం నేటి అవసరం.

ఫారం నోరు కట్టిన ప్రశ్న

తెర మీది ఫారాలకు చరిత్ర ఎక్కువ లేదు. వెబ్ పేజీలు తొలిదశలో చదువుకోవడానికి మాత్రమే ఉండేవి. చదివేవాడు తిరిగి ఏమైనా చెప్పే దారి తర్వాత ఏర్పడింది. 1995 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలో ఫారాలకు స్పష్టమైన రూపం లభించింది. ఖాళీ గడి, ఒక్కదానినే ఎంచుకోవలసిన గుండ్రని గుర్తు, ఎన్నింటినైనా ఎంచుకోదగిన చదరపు గుర్తు, విప్పితే కిందికి జారే జాబితా, చివరన పంపే మీట. ముప్పై ఏళ్లు గడచినా నేటికీ ప్రతి ఫారం ఈ అయిదారు వస్తువులతోనే తయారవుతున్నది.

ఈ వస్తువులలో ఏది వాడాలన్నది ఫారం తయారుచేసేవాని ఇష్టం. ఆ ఇష్టంలోనే అసలు విషయం దాగి ఉన్నది. ఖాళీ గడి ఇస్తే పౌరుడు తన మాట తాను చెబుతాడు. జాబితా ఇస్తే ఫారం తయారుచేసినవాడు ముందుగా ఊహించిన జవాబులలో ఒకదానిని మాత్రమే చెప్పగలుగుతాడు. జాబితాలో లేనిది లోకంలో లేనట్లే లెక్క. గడి పక్కన ఎర్రని నక్షత్రం గుర్తు ఉంటే అది నింపనిదే ఫారం ముందుకు కదలదు. నిజమైన జవాబు లేని మనిషి అక్కడ ఏదో ఒక అబద్ధం చెప్పక తప్పదు. కాగితం మీద అయితే 'వర్తించదు' అని ఒక గీత గీసి ఊరుకునేవాడు. తెర ఆ గీతను ఒప్పుకోదు.

జాబితా ఎంత ఇబ్బంది పెట్టగలదో తెలియాలంటే కొటియా గ్రామాల సంగతి చూస్తే చాలు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాల నడుమ ఉన్న ఆ 21 గ్రామాల వివాదం 1968లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కింది. అక్కడి కుటుంబాలు అనేకం రెండు రాష్ట్రాల కార్డులనూ దాచుకుని ఉన్నాయి. మహారాష్ట్ర, తెలంగాణల మధ్య జివతి తాలూకాలోని 14 గ్రామాల పరిస్థితీ ఇటువంటిదే. ఒకవైపు చంద్రపూర్ జిల్లా, మరొకవైపు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా ఆ ఊళ్లను తమవిగా లెక్కించుకుంటున్నాయి. ఫారంలో 'రాష్ట్రం' అన్న జాబితా విప్పితే ఒక్క పేరునే ఎంచుకోవాలి. దశాబ్దాలుగా ప్రభుత్వాలు తేల్చలేని ప్రశ్నను ఆ తెర ఒక నిరుపేద రైతును క్షణంలో తేల్చమంటున్నది.

పేరు మారితే మనిషి మారునా?

సరిహద్దు కుటుంబాలకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు పేరు. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది, అసలు పేరు వెనుక వస్తుంది. ఇంగ్లీషు పద్ధతి ఫారం మొదటి పేరు, నడిమి పేరు, చివరి పేరు అని మూడు గడులు పెడుతుంది. చివరి గడిలో ఇంటిపేరు రాయాలని దాని ఉద్దేశం. తెలియనివారు తమ ఇంట్లో పిలుచుకునే వరుసలో రాస్తే ఇంటిపేరు మనిషి పేరుగా, మనిషి పేరు ఇంటిపేరుగా తిరగబడుతుంది. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరం పొడి అక్షరంగా నిలుస్తుంది. మహారాష్ట్రలో పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటిపేరు అనే వరుస నడుస్తుంది. ఒకే ఇంటి అన్నదమ్ములలో ఒకడు హోసూరులోను, ఒకడు షోలాపూరులోను స్థిరపడితే ఇద్దరి పిల్లల పేర్లూ ఒకే వంశానివని ఏ కంప్యూటరూ గుర్తుపట్టలేదు.

దీనికి లిపి తోడవుతుంది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లన్నింటికీ ఒకటే అక్షరం. ప, ఫ, బ, భ లకూ అంతే. భాగ్యమ్మ అన్న పేరు తమిళ ఫారంలోకి పోయి అక్కడినుండి ఇంగ్లీషు ఫారంలోకి తిరిగి వచ్చేసరికి పాక్కియమ్మ అయ్యే అవకాశం ఉన్నది. గంగాధర్ కంకాతర్ కావచ్చును. ఆధార్‌లో ఒక విధంగా, పట్టాలో మరొక విధంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకొక విధంగా ఉన్న పేరును మనిషి చూస్తే 'అందరూ ఒకరే' అని నవ్వి ఊరుకుంటాడు. అక్షరం అక్షరం పోల్చి చూసే యంత్రం మాత్రం ముగ్గురు వేర్వేరు మనుషులని తీర్మానిస్తుంది. డబ్బు ఆగిపోతుంది.

కన్నడ సీమలో ఈ చిక్కు మరొక రూపంలో కనిపిస్తుంది. తెలుగు, కన్నడ లిపులు అక్కాచెల్లెళ్లు. ఒకటి వచ్చినవారు రెండవది కూడబలుక్కుని చదవగలరు. కాని కంప్యూటరు అక్షరం ఆకారాన్ని చూడదు, దాని వెనుక ఉన్న సంఖ్యను చూస్తుంది. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 128 స్థానాల గది ఒకటి, దాని పక్కనే కన్నడకు 128 స్థానాల గది మరొకటి కేటాయించారు. కంటికి దాదాపు ఒకేలా కనిపించే 'ర', 'మ' అక్షరాలు ఆ లెక్కలో పూర్తిగా వేర్వేరు సంఖ్యలు. ఒకే పేరును తెలుగులో వెదికితే కన్నడంలో ఉన్న రికార్డు దొరకదు. భూమి కాగితం కనబడలేదని కంగారు పడిన కుటుంబం మొదట చూడవలసినది ఏ లిపిలో వెదుకుతున్నామన్నదే.

భూమి రికార్డుల విషయంలో ఈ అనుభవం పాతదే. కర్ణాటక ప్రభుత్వం ఈ శతాబ్దం తొలి సంవత్సరాల్లో 'భూమి' పథకం కింద సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల పహణీలను కంప్యూటరులోకి ఎక్కించింది. 15 రూపాయలు చెల్లిస్తే పహణీ నకలు చేతికి రావడం ఆ రోజుల్లో గొప్ప మేలుగా పేరు పొందింది. అది నిజంగానే మేలు. కాని చేతిరాత పుస్తకంలో ఉన్న అక్షర దోషం కంప్యూటరులోకి ఎక్కితే అది దోషంగా గాక ఆధారంగా నిలుస్తుంది. దానిని దిద్దించడానికి మళ్లీ ఒక ఫారం నింపవలసిందే.

ఒక్క ప్రశ్న వంకరైతే

ఫారంలో ప్రశ్నను ఎలా అడిగారన్నది ఎంతటి ప్రభావం చూపగలదో మహారాష్ట్ర అనుభవం తెలియజేస్తున్నది. ఆ రాష్ట్రంలో 2024లో మొదలైన 'లాడ్కీ బహీణ్' పథకం కింద అర్హులైన మహిళలకు నెలకు 1,500 రూపాయలు ఇస్తున్నారు. 2025 సెప్టెంబరులో లబ్ధిదారులందరూ ఆన్‌లైన్‌లో గుర్తింపు ధ్రువీకరణ చేసుకోవాలని ప్రభుత్వం ఆదేశించింది. అందులో తన ఆధార్‌తో పాటు భర్తది గాని తండ్రిది గాని ఆధార్ సంఖ్యనూ ఇవ్వవలసి వచ్చింది. కుటుంబంలో ప్రభుత్వోద్యోగి ఎవరైనా ఉన్నారా అన్న సంగతిని ఆ ఫారం 'లేరు' అన్న మాటను కలిపి అడిగింది. లేరు అనడానికి 'అవును' అని చెప్పాలా, 'కాదు' అని చెప్పాలా అన్న దగ్గర చాలామంది తడబడ్డారు. తప్పు గుర్తు పడినవారి ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉన్నట్లు నమోదై సాయం నిలిచిపోయింది. తప్పు దిద్దుకోవడానికి గడువు ఇవ్వవలసి వచ్చింది. ఆపైన అంగన్‌వాడీ కార్యకర్తలను ఇంటింటికీ పంపి విచారించవలసి వచ్చింది.

మరాఠీ మాతృభాషగా ఉన్నవారికే ఆ ప్రశ్న అంత గందరగోళం కలిగిస్తే, నాందేడు, చంద్రపూర్, గడ్చిరోలి అంచుల్లో మరాఠీని సంతలో, బస్సులో మాత్రమే మాట్లాడే తెలుగు మహిళకు అది ఎంత కష్టమో ఊహించుకోవచ్చును. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆ మహిళ అబద్ధమాడలేదు. ఆమె దాచినదీ లేదు. ప్రశ్న వంకరగా ఉన్నందున ఆమె చెప్పిన నిజం అబద్ధంగా నమోదైంది. పాత రోజుల్లో తలాటి ఎదుట నోటితో చెప్పి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు. వినేవాడు అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాడు. ఫారం మళ్లీ అడగదు.

లింకు వెనుక ఏమున్నది?

ఫారం బాహాటంగా అడిగేది. లింకు అడగకుండా తీసుకునేది. ఫోనుకు వచ్చిన నీలి రంగు గీతను నొక్కడం అంటే ఒక తలుపు తెరవడం మాత్రమే అనుకుంటారు చాలామంది. నిజానికి ఆ నొక్కుడే ఒక సమాధానం. లింకులో ప్రశ్నార్థకం గుర్తు తర్వాత వచ్చే అంకెలు, అక్షరాల వరుసలో ఆ లింకును ఏ ఫోనుకు పంపారో, ఏ సందేశం ద్వారా పంపారో తెలిపే గుర్తులు ఉండవచ్చును. నొక్కిన మరుక్షణం 'ఈ నంబరు మనిషి వాడుతున్న నంబరే, ఇతడు నమ్మి నొక్కుతాడు' అన్న సంగతి పంపినవానికి చేరుతుంది. ఫారం ఒక్క గడి కూడా నింపకుండానే ఇంతపని జరిగిపోతుంది.

మోసగాళ్ల పెట్టుబడి ఇదే. 2019లో మొదలైన పీఎం కిసాన్ పథకంలో ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా రైతుల ఖాతాల్లో పడుతున్నాయి. 'మీ విడత ఆగిపోయింది, ఈ లింకు నొక్కి వివరాలు సరిచేసుకోండి' అన్న సందేశానికి బెదరని రైతు అరుదు. సరిహద్దు పల్లెలో ఆ బెదురు ఇంకా ఎక్కువ. అసలైన సందేశమూ తెలియని భాషలోనే వస్తుంది, నకిలీ సందేశమూ అదే భాషలో వస్తుంది. భాష తెలిసినవాడు నకిలీ సందేశంలోని తప్పుల తడకను చూసి అనుమానిస్తాడు. భాష తెలియనివానికి రెండూ ఒకటే.

కాబట్టి భాష రాకున్నా పట్టుకోదగిన గుర్తులు కొన్ని నేర్చుకోవాలి. చిరునామాలో మొదటి ఏటవాలు గీతకు ముందున్న భాగాన్ని కుడినుండి ఎడమకు చదవాలి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సైట్లు సాధారణంగా 'గవ్ డాట్ ఇన్' అని గాని 'ఎన్ఐసీ డాట్ ఇన్' అని గాని ముగుస్తాయి. ఆ ముగింపులు ప్రైవేటువారికి ఇవ్వరు. పథకం పేరు చిరునామా మొదట్లో ఎంత గొప్పగా ఉన్నా, ముగింపు వేరైతే నమ్మరాదు. బ్యాంకులన్నీ తమ సైట్లను 2025 అక్టోబరు 31 లోగా 'బ్యాంక్ డాట్ ఇన్' అన్న ముగింపునకు మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తు గురించి ఒక అపోహ ఉన్నది. ఆ తాళానికి అర్థం పంపే వివరాలు దారిలో ఎవరికీ కనబడవని మాత్రమే. అవతలి ఒడ్డున ఉన్నవాడు మంచివాడని కాదు. దొంగ కూడా తన తలుపుకు తాళం వేసుకుంటాడు.

సందేశంలో 'ఏపీకే' అన్న మాటతో ముగిసే ఫైలు వస్తే అది ఫారం కాదు, ఫోనులోకి చొరబడే అప్లికేషన్. దానిని తెరవకూడదు. డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. దేశమంతటికీ అదే నంబరు. ఎంత త్వరగా చెబితే పోయిన డబ్బు దారిలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచితే ఆ అవకాశం చేజారుతుంది.

చట్టం ఏమంటున్నది?

పౌరుని వివరాలు అడిగేవారికి కొన్ని హద్దులు ఏర్పడ్డాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ తర్వాత ఆరేళ్లకు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమాచారం తీసుకునే సంస్థల ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు గనుక అవి 2027 మే నెలలో అమలుకు వచ్చే విధంగా ఏర్పాటు జరిగింది.

ఈ చట్టంలో సరిహద్దు తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన మాట ఒకటి ఉన్నది. పౌరుని సమ్మతి కోరే సంస్థ, ఏ వివరాలు తీసుకుంటున్నదో, ఎందుకు తీసుకుంటున్నదో తెలిపే నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో ఏ భాషలోనైనా గాని చదువుకునే అవకాశం పౌరునికి కల్పించాలి. ఈ హక్కు రాష్ట్రాన్ని బట్టి కాదు, మనిషిని బట్టి. కృష్ణగిరిలో ఉన్న తెలుగు కుటుంబం తెలుగు నోటీసు కోరవచ్చును. బరంపురంలో ఉన్న కుటుంబమూ కోరవచ్చును. భాషా సరిహద్దును దాటి వచ్చిన హక్కు ఇది. సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలని కూడా చట్టం చెబుతున్నది. ముందుగానే టిక్కు పెట్టి ఉంచిన గడిని స్పష్టమైన సమ్మతి అనడానికి వీలులేదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ధ్రువపడాలి.

అయితే ఈ హక్కుకు ఒక మినహాయింపు ఉన్నది. సబ్సిడీలు, ప్రయోజనాలు, ధ్రువపత్రాలు, లైసెన్సులు ఇచ్చే సందర్భాల్లో కొన్ని షరతులకు లోబడి ప్రభుత్వం సమ్మతి లేకుండానే పౌరుల వివరాలు వాడుకోవచ్చునని అదే చట్టం అనుమతించింది. సమ్మతి కోరనప్పుడు సమ్మతి కోసం ఇచ్చే నోటీసు కూడా తప్పనిసరి కాదు. అనగా సరుకులు అమ్మే కంపెనీ తెలుగులో చెప్పవలసి ఉండగా, పింఛను ఇచ్చే కచేరీకి ఆ నిర్బంధం అన్నివేళలా వర్తించకపోవచ్చును. పల్లె కుటుంబం నింపే ఫారాలలో అధికభాగం ప్రభుత్వానివే. ఎక్కడ అవసరం ఎక్కువో అక్కడే హక్కు పలుచనై ఉన్నది.

ఆ లోటును కొంతవరకు పూరించగలిగినది రాజ్యాంగమే. కష్టనివారణ కోరుతూ ఏ అధికారికైనా కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350-ఎ, 350-బి అధికరణాలు మాతృభాషలో ప్రాథమిక విద్యను, భాషాపరమైన అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేకాధికారిని ఏర్పాటు చేశాయి. కాగితం అర్జీకి ఉన్న ఈ హక్కు తెర మీది అర్జీకి ఎందుకు ఉండరాదన్నది నేడు వేయవలసిన ప్రశ్న. గడిలో తెలుగు అక్షరం కొడితే 'చెల్లని అక్షరాలు' అని తిప్పికొట్టే ఫారం, కచేరీ గుమ్మంలో తెలుగు అర్జీని విసిరికొట్టిన గుమాస్తాతో సమానం. గుమాస్తా మీద ఫిర్యాదు చేయడానికి ఒక మనిషి కనిపిస్తాడు. ఫారం మీద ఫిర్యాదు చేయడానికి మళ్లీ ఆ ఫారమే కనిపిస్తుంది.

వికలాంగుల విషయంలో సుప్రీంకోర్టు ఈ దిశగా ఒక అడుగు వేసింది. ఆమ్ల దాడి బాధితులు, చూపులేనివారు ఆన్‌లైన్ గుర్తింపు ధ్రువీకరణలో పడుతున్న ఇబ్బందుల మీద 2025 ఏప్రిల్ 30న తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలను అందుకోగలగడం జీవించే హక్కులో భాగమేనని పేర్కొన్నది. రెప్ప వేయలేని మనిషిని రెప్ప వేయమని అడిగే యంత్రం తప్పు అయినప్పుడు, చదవలేని భాషలో జవాబు చెప్పమని అడిగే యంత్రం గురించీ ఆలోచించవలసి ఉన్నది.

అన్నిటికన్న పెద్ద ఫారం

ఈ చర్చ అంతా వచ్చి చేరే చోటు జనగణన. 2025 జూన్ 16న ప్రకటన వెలువడిన 2027 జనగణనలో తొలిసారిగా వివరాలు కాగితం మీద గాక డిజిటల్ పద్ధతిలో నమోదవుతాయి. ఇళ్ల జాబితా దశకు 2026 ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు, మనుషుల లెక్కకు 2027 ఫిబ్రవరి నెల నిర్ణయించారు. కొన్ని మంచు ప్రాంతాలు తప్ప మిగతా దేశానికి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. కుటుంబం తన వివరాలను తానే ఆన్‌లైన్‌లో నింపుకునే వీలు కూడా ఇందులో చేర్చారు.

మాతృభాష అన్న గడి జనగణనల్లో చిరకాలంగా ఉన్నది. ఆ గడిలో పడిన మాటను బట్టే భాషల బలాబలాలు తేలుతాయి. 2001లో తెలుగు మాట్లాడేవారు 7.40 కోట్ల మందితో దేశంలో మూడవ స్థానంలో నిలిచారు. 2011లో సంఖ్య 8.11 కోట్లకు పెరిగినప్పటికీ మరాఠీ ముందుకు రావడంతో నాలుగవ స్థానానికి జరిగారు. కర్ణాటకలో తెలుగువారి వాటా ఆ పదేళ్లలో 7 శాతం నుండి 5.84 శాతానికి తగ్గింది. వలసలు, జననాల రేటు, ఇంట్లో భాష మారడం వంటి కారణాలు అనేకం ఉండవచ్చును. లెక్క రాసేవాడు అడగకుండానే రాష్ట్ర భాషను రాసుకోవడం, ఇంటివారూ 'ఏదైతేనేం' అని ఊరుకోవడం కూడా సరిహద్దు పల్లెలు ఎరిగిన సంగతులే.

'ఏదైతేనేం' అన్న మాటకు వెల ఉన్నది. ఒక తాలూకాలోనో పురపాలక సంఘంలోనో ఒక భాష మాట్లాడేవారు 15 నుండి 20 శాతం ఉంటే ముఖ్యమైన నోటీసులు, నియమాలు ఆ భాషలోనూ ప్రచురించాలని 1961 నాటి ముఖ్యమంత్రుల సమావేశం అంగీకరించింది. తరగతిలో పదిమంది లేక బడి మొత్తంలో నలభైమంది పిల్లలు ఉంటే ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలన్నది 1949 నాటి విధానం. వీటి అమలు ఎంత బలహీనంగా ఉన్నా, అడగడానికి మొదటి ఆధారం సంఖ్య. ఆ సంఖ్య ఒక గడిలో పడే మాట నుండి పుడుతుంది. తెలుగులో నోటీసు లేనందున తెలుగు కుటుంబం గడిని తప్పుగా నింపుతుంది. గడి తప్పుగా నిండినందున తెలుగులో నోటీసు అవసరం లేదని తేలుతుంది. ఈ చక్రం ఎక్కడో ఒకచోట ఆగాలి.

2011లో జనగణన సిబ్బందికి ఇచ్చిన నిర్వచనం ప్రకారం మాతృభాష అంటే బాల్యంలో తల్లి ఆ వ్యక్తితో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే గతించి ఉంటే బాల్యంలో ఇంట్లో ప్రధానంగా మాట్లాడిన భాష. బడిలో చదివిన భాష కాదు, రాయగలిగిన భాష కాదు, నివసిస్తున్న రాష్ట్రపు భాష కాదు. ఇంట్లో ప్రతి మనిషికీ విడిగా అడగవలసిన ప్రశ్న అది. తెలుగు చదవడం రాని యువకుడు కూడా తల్లి తెలుగులో పెంచితే తెలుగువాడే. తెలిసిన ఇతర భాషలు చెప్పడానికి 2011లో వేరే గడి ఉండేది గనుక, తెలుగు అని చెప్పినంతమాత్రాన కన్నడాన్నో తమిళాన్నో ఒడియానో మరాఠీనో కాదనడం అవదు. అన్నం పెట్టిన నేల భాషకూ, పాలిచ్చిన తల్లి భాషకూ ఆ ఫారంలో చెరొక చోటు ఉన్నది.

చేయదగిన పనులు

ఫారాలు తయారుచేసే ప్రభుత్వాలు సరిహద్దు తాలూకాల కోసం కొత్త చట్టం చేయనవసరం లేదు. పక్క రాష్ట్రపు భాషలో ప్రశ్నలు చదువుకునే మీట ఒకటి పెట్టడం, పేరు గడిని ముక్కలు చేయకుండా ఒక్కటిగా ఉంచడం, జాబితా చివర 'ఇతరం' అని రాసి పక్కన ఖాళీ గడి ఇవ్వడం, 'లేరు కదా' అని గాక 'ఉన్నారా' అని సూటిగా అడగడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఫారం నింపలేనివారికి కాగితం దారి మూసివేయకుండా ఉంచడం అంతకన్న ముఖ్యం.

కుటుంబాలు తమవైపు నుండి చేయగలిగినవీ ఉన్నాయి. ఇంటిల్లిపాది పేర్లూ ఇంగ్లీషులోను, రాష్ట్ర భాషలోను ఏ అక్షరాలతో ఉండాలో ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచుకుని, ప్రతి ఫారానికీ అదే చూపించాలి. నెట్ సెంటర్‌లోనో, గ్రామ ఒన్ కేంద్రంలోనో, ఇ-సేవై కేంద్రంలోనో నింపించినప్పుడు పంపే మీట నొక్కక ముందు నింపినదంతా బిగ్గరగా చదివి వినిపించమని అడగాలి. మొహమాటపడరాదు. ఫోను నంబరు గడిలో కేంద్రం వారి నంబరు గాక ఇంటి నంబరే ఉండేలా చూసుకోవాలి. ఓటీపీ ఏ పనికి వచ్చిందో తెలియకుండా చెప్పరాదు.

చివరగా, దరఖాస్తు సంఖ్య ఉన్న రసీదును అచ్చు వేయించి దాచాలి. కర్ణాటకలో 2011 నాటి సేవల హామీ చట్టం, ఒడిశాలో 2012 నాటి, మహారాష్ట్రలో 2015 నాటి ప్రజాసేవల హక్కు చట్టాలు ఒక్కొక్క సేవకు గడువును నిర్ణయించాయి. ఆ గడువు దరఖాస్తు చేరిన నాటి నుండి లెక్కకు వస్తుంది. రసీదు లేనివాడు గడువు దాటిందని నిరూపించలేడు. వెనుకటి తరం అర్జీ నకలు మీద కచేరీ ముద్ర వేయించుకుని ఇనుప పెట్టెలో దాచింది. ఆ ముద్రకు నేటి రూపం ఈ సంఖ్యే.

తెర మీద గడి చిన్నది. అందులో పట్టే అక్షరాలు పది, పదిహేను. ఆ అక్షరాల మీదనే నెల పింఛను, పొలం హక్కు, పిల్లవాని చదువు, ఒక భాష ఆ ఊళ్లో ఉన్నదా లేదా అన్న లెక్క ఆధారపడి ఉన్నాయి. గడి నింపే చెయ్యి ఎవరిదైనా కావచ్చును. అందులో పడే మాట మాత్రం ఆ ఇంటివారిదే కావాలి.